అద్దానికి లోపలివైపు

చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీంచి మార్కెట్ వైపు తిరిగే సందులో బాలకిషన్ బ్యాటరీల దుకాణం ఉంది. దుకాణమంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక షట్టరు, గోడ పొడుగునా చార్జింగ్‌కు పెట్టిన బ్యాటరీలు, ఆసిడ్ పడి రంగు వెలిసిన ఒక చెక్క స్టూలు. అంతే. పాతికేళ్లుగా ఆ చుట్టుపక్కల ఏ కారు మొరాయించినా, అది వైర్లకు సంబంధించిన రోగమైతే అతని దగ్గరికే వచ్చేది. అశోక్‌నగర్ నుంచి దోమలగూడ దాకా రిటైరైన పెద్దమనుషులందరి నంబర్లూ అతని ఫోన్లో ఉన్నాయి. బాలకిషన్ చెయ్యి పెడితే బండి కదలాల్సిందేనని బజార్లో పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

ఆగస్టు నెల. మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దుటి నుంచీ విడవకుండా వాన. దుకాణం ముందు నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. బాలకిషన్ ఒక ఆటో బ్యాటరీకి నీళ్లు పోస్తుంటే ఫోన్ మోగింది. తెరమీద 'వందన మేడమ్ అశోక్‌నగర్' అన్న అక్షరాలు చూడగానే పోస్తున్న నీళ్లు పొంగి బల్లమీద ఒలికాయి. పది నెలల్లో ఆ పేరు కనిపించడం అదే మొదటిసారి.

"బాలకిషన్ గారూ, నాన్న కారు అమ్మేస్తున్నామండి. కింద సెల్లార్లో అలాగే పడి ఉంది కదా, బ్యాటరీ పూర్తిగా పోయినట్టుంది. ఒకసారి స్టార్ట్ చేసి పెట్టగలరా?"

"ఇవ్వాళ వాన గదా మేడమ్. రెండు దినాలు ఆగి..."

"కొనేవాళ్లు రేపు పొద్దున్నే వస్తున్నారండి. వాళ్ల మెకానిక్‌ని తెచ్చుకుని అన్నీ చూసి తీసుకుంటారట. నేను ఐదున్నరకల్లా ఇంటికొస్తాను. నాన్న కిందికి దిగి తాళాలిస్తారు." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించింది. "ఆయన ఏదైనా మర్చిపోతే ఏమనుకోకండి. అమ్మ పోయినప్పటి నుంచీ అంతే."

ఫోన్ పెట్టేశాక బాలకిషన్ చాలాసేపు స్టూలు మీదే కూర్చుండిపోయాడు. రేపు ఇంకో మెకానిక్ వస్తాడు. మీటరు పెడతాడు. ఆ కారులో డైనమో కాలిపోయి ఉందని ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు. అప్పుడు పది నెలల కింద బాలకిషన్ ఆడిన అబద్ధం బయటపడుతుంది.

ఆ అబద్ధం ఏమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

బాలకిషన్ పని నేర్చుకున్నది బుగ్గయ్య ఉస్తాద్ దగ్గర. అప్పుడు రోడ్ల మీద అంబాసిడర్లూ ఫియట్లే ఎక్కువ. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది డైనమో. అది పనిచేస్తోందో లేదో చూడడానికి ఉస్తాద్‌కు మీటరు అక్కర్లేదు. ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ వైరు ఊడబీకేవాడు. ఇంజన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు. ఆగితే పోయినట్టు. చూసేవాళ్లు నోరు తెరిచేవాళ్లు. బాలకిషన్‌కు ఆ విద్యలో నచ్చిందల్లా ఆ తెరిచిన నోళ్లే.

పాత కార్లకు అది చెల్లింది. ఇప్పటి కార్లలో నడుస్తుండగా వైరు పీకితే కరెంటు ఒక్కసారిగా ఎగదన్ని డైనమో లోపలి సన్నని భాగాలు మాడిపోతాయి. ఈ సంగతి బాలకిషన్‌కు ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. ఓ బ్యాటరీ కంపెనీవాళ్లు హోటల్లో మీటింగు పెట్టి తెరమీద బొమ్మలేసి మరీ చెప్పారు. బాలకిషన్ బిర్యానీ తిని వెనక వరసలో కునుకు తీశాడు. చెవిన పడిన ఆ కాస్త ముక్కనూ 'మొన్నటి పోరగాళ్లు నాకు నేర్పుతరా' అని అక్కడే వదిలేసి వచ్చాడు.

పోయిన అక్టోబరులో రామచంద్రరావు గారు తెల్లకారు దుకాణం ముందు ఆపారు. ఆయన ఎప్పుడో వీరవాసరం నుంచి ఉద్యోగానికి వచ్చి ఈ ఊళ్లోనే స్థిరపడ్డ ఇంజనీరు. పొద్దున పూట సెల్ఫ్ కాస్త బరువుగా తీసుకుంటోంది, చూడమన్నారు. వెనక సీట్లో ఆయన భార్య బాలత్రిపురసుందరి గారు కూర్చున్నారు. ముందు కూర్చుంటే బెల్టు గుండెల మీద నొక్కుతుందని ఆవిడ ఎప్పుడూ వెనకే. వక్కపొడి, లవంగం కలిసిన వాసన ఆవిడ కంటే ముందే వచ్చేది. ఆవిడకో అలవాటుండేది. కారు దిగగానే ముందుకు నడిచి, రెండు హెడ్‌లైట్ల అద్దాల మీదా అరచెయ్యి ఆనించి చూసేది, ఆర్పారో లేదో అని. మిట్టమధ్యాహ్నమైనా సరే. ఎప్పుడో రుబ్బురోలు కింద పడి వంకరపోయిన కుడిచేతి చిటికెనవేలు ఆ అద్దం మీద పక్కకు విడిగా ఉండేది. చూసి బాలకిషన్ నవ్వుకునేవాడు.

ఆ రోజు ఇంజన్ నడుస్తుండగా బాలకిషన్ టకీమని వైరు పీకాడు.

"చూడుండ్రి సార్, ఆగలే! డైనమో ఫస్ట్ క్లాస్."

వెనక సీట్లోంచి ఆవిడ ముందుకు వంగింది. "మరి అక్కడేదో ఎర్రలైటు వెలిగిందేం బాలకిషన్? బ్యాటరీ బొమ్మ."

బాలకిషన్ చూశాడు. ఆ లైటు వెలిగిందంటే డైనమో నింపడం లేదని అర్థం. పది నిమిషాల ముందు అది వెలగలేదు. అయినా ఫస్ట్ క్లాస్ అని అప్పుడే అనేశాడు కదా.

"ఏం గాదమ్మా. వైరు తీసి పెట్టిన గదా, రెండు దినాలు గట్లనే ఉంటది. తర్వాత అదే పోతది."

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఇద్దరూ కారులో బయటికెళ్లి వచ్చారు. ఆ సాయంత్రం పెద్దవాన. ఆవిడకు ఆయాసం వచ్చింది. రావు గారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరారు. లైట్లు, వైపర్లు, ఏసీ, అన్నీ ఆ బ్యాటరీనే తిన్నాయి. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద కారు ఆగిపోయింది. ఇల్లు వదిలి ఏడు నిమిషాలు. హారన్ లేదు. లైట్లు లేవు. అద్దాలు దిగవు. పిలిస్తే బాలకిషన్ స్కూటర్ మీద వెళ్లాడు. వెంట తెచ్చిన ఆటో బ్యాటరీ నుంచి, కరెంటు అరువిచ్చే జంపర్ వైర్లు తగిలించాడు. స్టార్ట్ అయింది. వైర్లు తీశాడు. ఆగిపోయింది. మళ్లీ తగిలించాడు. మళ్లీ ఆగింది. ఎందుకాగుతోందో అతనికి మొదటిసారికే తెలిసిపోయింది.

ఈలోగా కూతురు వందన ఆటోలో వచ్చి, తడుస్తూ అరిచింది. "అసలేమైందండీ దీనికి?"

బాలకిషన్ నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చింది. "సార్ మధ్యాహ్నం లైట్లు ఆన్ల వదిలేసినట్టున్నరు మేడమ్. బ్యాటరీ డౌన్ అయింది."

అప్పుడు చూశాడు. వెనక సీట్లో వాలిపోయి ఉన్న బాలత్రిపురసుందరి గారు కళ్లు తెరిచి అతన్నే చూస్తోంది. మాట్లాడ్డానికి ఊపిరి లేదు. కుడిచెయ్యి మాత్రం మెల్లగా లేపింది. అరచెయ్యి అతని వైపు తిప్పింది. వంకర వేలు. నేను ముట్టుకుని చూశాను, కాదు, అని చెప్పినట్టు. ఆ చెయ్యిని బాలకిషన్ తప్ప ఎవరూ చూడలేదు. ఆటోలోకి మార్చి తీసుకెళ్తుంటే దారిలోనే ఆవిడ పోయింది.

ఆ తర్వాత పది నెలలు బాలకిషన్ ఆ ఇంటివైపు వెళ్లలేదు. అశోక్‌నగర్ పని వస్తే దోమలగూడ మీదుగా చుట్టు తిరిగి వెళ్లేవాడు. సిగ్గు అంటే చెంపలు ఎర్రబడడం అనుకుంటాం. అతనికి అది కడుపులో ఉండేది, అరగని తిండిలా.

*

స్కూటర్ ముందు కొత్త బ్యాటరీ పెట్టుకున్నాడు. గోనెసంచిలో మరమ్మతు చేసిన డైనమో. ఆలోచన ఏమిటంటే, వందన వచ్చేలోగా కాలిపోయిన డైనమో తీసేసి ఇది బిగించెయ్యడం. రేపు ఎవరు మీటరు పెట్టినా కారు నిక్షేపంలా ఉంటుంది. ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు, అది తన ప్రాయశ్చిత్తం అనుకున్నాడు. ప్రాయశ్చిత్తానికి కూడా దొంగదారి వెతుక్కునే మనిషిని ఏమనాలో నాకు తెలియదు.

సెల్లార్ ర్యాంప్ మీదుగా నీళ్లు లోపలికి పాకుతున్నాయి. కరెంటు లేదు. బయట ఇంకా పగలే గానీ, లోపలికి నాలుగడుగులు వేసేసరికి చీకటి. తడిసిన సిమెంటు వాసన, ఎక్కడో కారిన డీజిల్ వాసన. సంపులో నీళ్లు పడుతున్న చప్పుడు, ఆగి ఆగి.

రామచంద్రరావు గారు టార్చి పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. మనిషి సగమయ్యారు.

"రావయ్యా బాలకిషన్. బాగున్నావా? ఇవిగో తాళాలు. తెచ్చానో లేదో అని మూడుసార్లు జేబు చూసుకున్నాను."

బాలకిషన్ ఆయన మొహం చూడకుండా తాళాలు అందుకుని కారు మీది కవరు లాగాడు. కవరు చిరుగుల్లోంచి దిగిన ధూళి కారంతా మెత్తగా, సమంగా పరుచుకుని ఉంది. హెడ్‌లైట్ల మీద కూడా. ఎవరి వేలూ తగలని ధూళి.

ముందు మామూలుగా చూద్దామనుకున్నాడు. పాత బ్యాటరీకి మీటరు పెడితే ముల్లు కదల్లేదు. కొత్త బ్యాటరీ నుంచి జంపర్ వైర్లు తగిలించి సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ దగ్గి, అందుకుంది. వైర్లు తీశాడు. ఆగిపోయింది.

"ఆ రోజూ అంతే కదూ," అన్నారు రావు గారు నెమ్మదిగా. "లైట్లు ఆర్పకపోతే ఇంత పనవుతుందని తెలీలేదయ్యా నాకు."

బాలకిషన్ వినిపించుకోనట్టు ఇంజన్ మీదికి వంగాడు. పానా తీసి పనిలో దిగాడు. ఆయన టార్చి పట్టుకున్నారు. వెలుగు అటూ ఇటూ పోతోంది. పాత డైనమో విప్పి గోనెసంచిలో దాస్తున్నప్పుడు లోపలి తీగల మీద మాడిన లక్క వాసన గుప్పుమంది. ఆయన ఇంజనీరు. ఆ వాసన ఆయనకు తెలియకపోదు. కానీ ఏమీ అడగలేదు. తన ముక్కు మీద కూడా ఆయనకు నమ్మకం పోయినట్టుంది.

"పడుకోబోయే ముందు స్టవ్ ఆర్పానో లేదో అమ్మాయిని అడుగుతాను. తలుపు వేశానో లేదో అడుగుతాను. అడక్కపోతే భయం. నా మతిమరుపు ఒక మనిషిని మింగింది కదా."

కొత్త డైనమో బిగించాడు. కొత్త బ్యాటరీ పెట్టాడు. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ హాయిగా అందుకుంది. మీటరు పెడితే పద్నాలుగు వోల్టులు. అంటే డైనమో నింపుతోంది. ఎర్రలైటు లేదు. బ్యాటరీ మార్చడం వల్ల కారులోని గడియారం మొదటికొచ్చి పన్నెండు దగ్గర మొదలైంది. బాలకిషన్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఇంక తనను పట్టించేది ఏదీ లేదు.

ఇంజన్ ఆగిపోయింది.

కుదుపు లేదు, దగ్గు లేదు. ఎవరో తాళం తిప్పినట్టు ఆగింది. లోపలికి వంగి చూశాడు. గడియారం ఆకుపచ్చగా 12:07 చూపిస్తోంది.

పెట్రోలు చూశాడు. ఉంది. ఫ్యూజులు బాగున్నాయి. బ్యాటరీ తీగలు ఒకసారి విప్పి, గీకి, మళ్లీ బిగించాడు. గడియారం మళ్లీ పన్నెండు. స్టార్ట్ చేశాడు. మీటరు పద్నాలుగు దగ్గరే నిలబడింది. ఈసారి అక్కడే నిలబడి గడియారం చూశాడు. ఐదు... ఆరు... ఏడు.

ఆగింది.

సెల్లార్ అంతా నిశ్శబ్దం. సంపులో నీళ్ల చప్పుడు కూడా లేదు. బాలకిషన్ మనసులో లెక్క కట్టాడు. ఇల్లు వదిలి ఏడు నిమిషాలు... ఫ్లైఓవర్.

"ఏమిటయ్యా?" రావు గారు గొంతు తగ్గించి అడిగారు.

"ఏం లేదు సార్. జర వైర్ల లూజ్ కనెక్షన్ ఉన్నట్టుంది."

బ్యాటరీనే తేడా అనుకుని పూర్తిగా బయటికి తీసి నేల మీద పెట్టాడు. ఇప్పుడా కారులో ఎక్కడా చుక్క కరెంటు లేదు. నడుం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. అప్పుడు... కారు లోపల వెలుగు కనిపించింది.

వెనక సీటుకు పైన, కప్పులోని చిన్నలైటు వెలుగుతోంది.

నేల మీది బ్యాటరీ వైపు చూశాడు. లైటు వైపు చూశాడు. మళ్లీ బ్యాటరీ వైపు చూశాడు. పాతికేళ్లలో కరెంటు గురించి అతనికి తెలిసిందంతా ఆ పసుపుపచ్చ వెలుగులో పనికిరాకుండా పోయింది.

వెనక సీటు ఖాళీగా ఉంది. కానీ సీటు మధ్యలో రెక్సిన్ నెమ్మదిగా కిందికి అణుగుతోంది... ఎవరో సర్దుకుని కూర్చుంటున్నట్టు. మూసి ఉన్న తలుపుల సందుల్లోంచి వాసన వచ్చింది. వక్కపొడి. లవంగం.

"సార్..." అన్నాడు. కారు వైపు వేలు చూపించాడు. "సార్, మీకేమన్న వాసన..."

"నేను చెప్పను," అన్నారు రావు గారు. కళ్లు కిందికి దించుకున్నారు. "నాకు కనిపించినవీ వినిపించినవీ చెబితే అమ్మాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. అందుకని చెప్పడం మానేశాను."

లైటు ఆరిపోయింది. చీకట్లో ఏదో అద్దం మీద మెత్తగా రాసుకున్న చప్పుడు. కారు ముందువైపు.

బాలకిషన్ ఆయన చేతిలోని టార్చి లాక్కున్నాడు. కుడి హెడ్‌లైట్ మీద పది నెలల ధూళి అలాగే ఉంది. దాని మధ్యలో అరచెయ్యి అచ్చు. ఐదు వేళ్లు. చిటికెనవేలు వంకరగా, పక్కకు.

గుడ్డ తీసి తుడిచాడు. ధూళి పోయింది. అచ్చు పోలేదు. ఉమ్మి వేసి రుద్దాడు. పోలేదు. గోరుతో గీకాడు. గోరు నున్నగా జారింది.

అచ్చు అద్దానికి లోపలివైపు ఉంది.

పారిపోదామనిపించింది. నిజంగానే ర్యాంప్ వైపు రెండడుగులు వేశాడు. వెనక నుంచి రావు గారి గొంతు, ఎవరికో సర్దిచెబుతున్నట్టు వినిపించింది. "పోనీలే సుందరీ. అతన్ని ఏమీ అనకు. తప్పు నాది. లైట్లు నేనే వదిలేశాను."

ఆ మాట బాలకిషన్‌ను అక్కడే నిలబెట్టేసింది. దెయ్యానికి భయపడి కాదు. ఆ ముసలాయన, తను చెయ్యని తప్పుకు, చచ్చిపోయిన భార్యను క్షమించమంటున్నాడు. అది కూడా బాలకిషన్ వినేలా, బాలకిషన్‌ను కాపాడుతూ. యాభై రెండేళ్ల బతుకులో అంత సిగ్గు అతనికి ఎన్నడూ కలగలేదు. వెనక్కి వచ్చాడు. బ్యాటరీ ఎత్తి పెట్టి, తీగలు బిగించి, సెల్ఫ్ కొట్టాడు. గడియారం పన్నెండు.

"సార్," అన్నాడు. "మీరు లైట్లు వదల్లే."

ఆయన తలెత్తారు.

"డైనమో కాలింది. నేనే కాలబెట్టిన. ఆ దినం దుకాణం ముందర ఇంజన్ నడుస్తుంటే వైరు పీకిన గదా, దాంతోని. కొత్త కార్లకు గట్ల చెయ్యొద్దని నాకు చెప్పిన్రు సార్. నేను ఇనలే. అమ్మగారు ఎర్రలైటు జూపిస్తే గూడ ఏం గాదన్న. ఫ్లైఓవర్ మీద నాకు అంతా సమజైంది. నా పేరు పోతదని మీ మీద పెట్టిన."

12:03. ఇంజన్ మెల్లగా నడుస్తోంది.

"అమ్మగారు ఇన్నరు సార్. నేను అబద్ధం చెప్తుంటే ఇన్నరు. చెయ్యి లేపి కాదన్నరు. నేను చూసి గూడ... చూడనట్టు..." తడినేల మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆయన కుర్చీలో ముందుకు వంగారు. తర్వాత ఎంతో జాగ్రత్తగా, పగిలేదాన్ని పట్టుకున్నట్టు, ఒక్కొక్క మాటే అన్నారు.

"అయితే... ఆవిడ ముట్టుకుని చూసిందన్నమాట. ఆ మధ్యాహ్నం. కారు దిగి, ముందుకెళ్లి, ముట్టుకుని చూసింది. నాకు గుర్తుంది. గుర్తుందని చెప్పాను కూడా. ఎవరూ..."

"మీకు మంచిగనే గుర్తుంది సార్."

ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. బాలకిషన్ గడియారం వైపు చూశాడు. 12:06... 12:07. వెనక సీటు లైటు ఒక్కసారి మినుకుమంది. 12:08. ఇంజన్ నడుస్తూనే ఉంది.

"అమ్మాయికి నువ్వే చెప్పు," అన్నారు ఆయన. "నేను చెబితే నమ్మదు."

ఐదున్నరకు వందన గొడుగు ముడుస్తూ ర్యాంప్ దిగింది. నడుస్తున్న కారును చూసి, "అమ్మయ్య, అయిపోయిందా? ఏమిటండీ ప్రాబ్లమ్?" అంది.

ఇక్కడ బాలకిషన్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. అంత ఏడ్చిన మనిషి, ఆమె మొహం చూడగానే మళ్లీ జారిపోయాడు. "డైనమో జర పాతదైంది మేడమ్..." అని మొదలుపెట్టాడు. ఇంజన్ వెంటనే తడబడింది. కారు లోపల వెనకలైటు వెలిగింది. ఆ వెలుగులో రావు గారు అతన్నే చూస్తున్నారు, కోపం లేకుండా. మిగతాదంతా బాలకిషన్ నేల చూపులు చూస్తూ చెప్పేశాడు. గోనెసంచి విప్పి కాలిన డైనమో ఆమె ముందు పెట్టాడు.

వందన అరవలేదు, తిట్టలేదు. చేతిలో గొడుగు నీళ్లు కారుతుంటే అలాగే నిలబడింది. "పది నెలల నుంచి ఆయన్ని కారు తాళాలు ముట్టుకోనివ్వలేదు నేను," అంది తనలో తాను. "గ్యాస్ వెలిగించనివ్వలేదు." తర్వాత బాలకిషన్ వైపు తిరిగింది. "ఇంకెన్ని కార్లకు చేశారండీ ఇలా? వైరు పీకి?"

బాలకిషన్ నిజమే చెప్పాడు. "యాది లేదు మేడమ్."

"వెళ్లండి," అంది. తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుంది. బాలకిషన్ సామాన్లు సర్దుకుని వానలోకి వచ్చేశాడు.

*

ఆ రాత్రి భార్య విద్యావతికి కూడా అంతా చెప్పాడు. చెప్పాక కడుపులో బరువు దిగినట్టనిపించింది. పది నెలల తర్వాత కంటినిండా నిద్రపోయాడు. అమ్మగారు శాంతించిందనుకున్నాడు.

పొద్దున వాన తెరిపిచ్చింది. దుకాణం ముందు స్కూటర్ ఆపి షట్టరు ఎత్తాడు. ఎదురుగా టీ బండి దగ్గర నలుగురు నవ్వుతున్నారు. మార్కెట్లోంచి కొత్తిమీర వాసన వస్తోంది. స్కూటర్ హెడ్‌లైట్ నిండా నిన్నటి బురద చిమ్మి ఎండిపోయి ఉంది. తుడుద్దామని గుడ్డ తీసుకుని వంగాడు.

బురద వెనక, అరచెయ్యి అచ్చు.

చెప్పేశాను కదమ్మా, అన్నీ చెప్పేశాను కదా, అనుకుంటూ గబగబా తుడిచాడు. బురద పోయింది. అచ్చు ఇంకా స్పష్టంగా కనిపించింది. వంకర వేలి కోసం వెతికాడు.

లేదు. ఐదు వేళ్లూ తిన్నగా ఉన్నాయి. తన అరచెయ్యి పక్కన పెట్టి చూశాడు. అందులో సగం కూడా లేదు. ఐదారేళ్ల పిల్లల చెయ్యి. గోరుతో గీకాడు. గోరు నున్నగా జారింది.

'ఇంకెన్ని కార్లకు చేశారండీ' అన్న మాట చెవిలో వినిపించింది.

సెల్ఫ్ నొక్కాడు. స్కూటర్ స్టార్ట్ అయింది. బాలకిషన్ చేతి గడియారం చూస్తూ అక్కడే నిలబడ్డాడు. ఒక నిమిషం. రెండు. టీ బండి దగ్గర ఎవరో అతన్ని పిలిచారు. వినిపించుకోలేదు.

మూడో నిమిషంలో ఇంజన్ ఆగిపోయింది.

పాతికేళ్లలో తను ముట్టుకున్న కార్లన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. బయల్దేరిన మూడు నిమిషాల్లో ఏ కారు ఎక్కడ ఆగిందో, అందులో ఏ పసిప్రాణం ఉందో, ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.